పాల బకెట్టుకు కట్టిన పీలిక

పక్కింటి పెద్దాయన పోయాక ఆయన కొడుకులిద్దరూ సామాను పంచుకున్నారు. మంచాలు, గిన్నెలు గొడవ లేకుండానే తెమిలాయి. రుబ్బురోలు దగ్గర మాత్రం ఇద్దరికీ పంతం వచ్చింది. చివరికి పెద్దవాడు రోలు బండి మీద వేయించుకుని పోయాడు, చిన్నవాడు పొత్రాన్ని సంచిలో వేసుకుని పోయాడు. ఇప్పుడు ఆ రోట్లో వాననీళ్ళు నిలిస్తే పిట్టలు తాగుతున్నాయనీ, పొత్రం తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారనీ మా వీధిలో చెప్పుకుంటారు.

"పోనీలే, పిట్టలకైనా మేలు జరిగింది," అన్నాను.

మా అక్క నవ్వలేదు. "నా ఇంట్లో అలా కాకూడదు తమ్ముడూ," అంది. "అటక మీద మూట దించు."

మా అక్క భర్త పోయి చాలా కాలమైంది. ఆమెకున్నది ఒక ఇల్లు, వెనక పశువుల పాక, ఒక ఆవు, రెండు మేకలు, కొన్ని కోళ్ళు, ఒక సంసారం పట్టేంత సామాను. పొలం బావగారు ఉన్నప్పుడే అమ్మేశారు. ఆ డబ్బుతో పెద్దకొడుక్కి బజారులో మోటార్లు బాగుచేసే షెడ్డు వేయించారు, కూతురికి బ్రెడ్డు బట్టీ పెట్టించారు. చిన్నకొడుకు తల్లి దగ్గరే ఉండి పాడి చూసుకునేవాడు. పెళ్ళైన కొద్ది కాలానికే జ్వరం వచ్చి పోయాడు. అతని భార్య, మా చిన్నకోడలు, అత్తగారి దగ్గరే ఉండిపోయింది.

నేను ఎదురింట్లో ఉంటాను. కాలేజీ చదువు చదివి, విత్తనాల పరీక్షశాలలో పనిచేసి రిటైరయ్యాను. తడి గుడ్డలో విత్తనాలు చుట్టిపెట్టి, వాటిలో ఎన్ని మొలకెత్తాయో చూడడం నా ఉద్యోగం. ఏది మొలకెత్తినా సంతోషించడం అక్కడే అలవాటైంది. నా భార్య పోయిన కొత్తల్లో ఒకరోజు తెల్లవారాక ఏం చేయాలో తోచక వీధి దాటి అక్క వంటింట్లోకి వెళ్ళాను. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు, వస్తానని నేనూ చెప్పలేదు. పొయ్యి పక్కన టీ గ్లాసులు మూడున్నాయి. మూడోది ఎవరికని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మర్నాడూ మూడే ఉన్నాయి. అప్పటినుంచీ అలాగే నడుస్తోంది.

మూట దించి దుమ్ము దులుపుకుంటూ, "విల్లు రాద్దాం అక్కా. నేను రాస్తాను, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు," అన్నాను.

"కాగితం రాస్తే చదవడం వచ్చినవాడి మాట పైనుంటుంది. గుడ్డ కడితే కళ్ళున్న ప్రతివాడికీ కనిపిస్తుంది," అంది. "అయినా నీ రాత నాకు తెలీదా? డాక్టరు నయం."

ఆ మూట నిండా పాతబట్టలు. ఇంటిల్లిపాదీ విడిచిన బట్టలు అందులోకే చేరతాయి, ఏటా చలికి ముందు అవి బొంతలవుతాయి. అందుకని ఆ ఇంట్లో పీలిక చూస్తే మనిషిని చెప్పొచ్చు. నూనె మరకల ఖాకీ అంటే పెద్దోడు. పిండి ఎంత ఉతికినా వదలని నీలం గళ్ళు అంటే కూతురు. ఊదారంగు పూలు పెద్దకోడలివి. ఆమె బజారులో బట్టలు కుడుతుంది, తనకు మాత్రం మంచి రంగు ఏరుకుంటుంది. బూడిదరంగు గీతల చొక్కా నాది.

అక్క గుమ్మంలో కూర్చుని కత్తెరతో పీలికలు కత్తిరించి ఒక్కో వస్తువుకు ఒక్కోటి కట్టించింది. అన్నిటికీ ఒకటే ముడి, ఒక కొస లాగితే ఊడివచ్చేది. "రేపెవరైనా విప్పుకోవాలి కదా. నా మీద ఏడుస్తూ గోళ్ళు కూడా విరగ్గొట్టుకోవాలా?" అంది.

గోడగడియారానికి ఖాకీ గుడ్డ. పెద్దోడు చిన్నప్పుడు దాన్ని విప్పి మళ్ళీ బిగించలేక అలాగే వదిలేశాడు. అప్పటినుంచీ అది గోడమీద అలంకారమే. చెక్కపెట్టెకూ నిలువుటద్దానికీ ఊదాపూలు. మేకలకూ పెద్ద మూకుడుకూ నీలంగళ్ళు, కోళ్ళకూ అవే. కోడిపుంజు దగ్గరికి వచ్చేసరికి అక్క నా బూడిదరంగు పీలిక తీసింది.

ఆ పుంజు పేరు జడ్జి. మెడ నిక్కించి, మనం చెప్పినదంతా అబద్ధమే అన్నట్టు ఒక పక్కకి చూస్తుంది. దానికీ నాకూ పడదు. నా పిక్కల మీద దాని తీర్పులు చాలా ఉన్నాయి.

"అక్కా, ఇది నాకెందుకు?"

"మరదలు ఉన్నప్పుడు తనే నిన్ను లేపేది. ఇప్పుడు బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటున్నావు. నేను పోయాక టీకి ఎవరు పిలుస్తారు నిన్ను? పట్టుకో దాన్ని."

నేను, చిన్నకోడలు కలిసి పెరడంతా పరిగెత్తి దాన్ని పట్టుకున్నాం. చిన్నకోడలు ముక్కుకి అంటుకున్న ఈకతోనే నవ్వింది. అక్క పుంజుకాలికి పీలిక కట్టి, మూట మళ్ళీ బిగించి, అటక మీద పెట్టేయమంది.

అప్పుడు గమనించాను, చిన్నకోడలి పీలిక దేనికీ లేదు. ఆమె పేరున ఏదో ఒకటి చివర్లో కడుతుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. మూట అటకెక్కేసింది. చిన్నకోడలు కిందపడ్డ దారప్పోగులు ఊడ్చేసింది. అన్ని వస్తువులూ తుడిచి ఒక్కొక్కటీ ముందుకు తెచ్చి పెట్టింది తనే కాబట్టి, ఏది ఎవరికి వెళ్ళిందో మాలో అందరికన్నా తనకే బాగా తెలుసు.

ఆ సాయంత్రం బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే పలకరించాను. ముఖం మామూలుగానే ఉంది.

"మామయ్యా, మా అన్నయ్య రమ్మంటున్నాడు," అంది బకెట్లోకి చూస్తూ. "వదినకి ఉద్యోగం వచ్చిందట. పిల్లల్ని చూడడానికి ఇంట్లో మనిషి కావాలట. నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పమన్నాడు."

"నీకు వెళ్ళాలని ఉందా తల్లీ?"

"అక్కడా మంచముంటుంది, పనుంటుంది. మా అన్నయ్య మంచివాడే. కానీ అక్కడ చెంచా కావాలన్నా అడిగి తీసుకోవాలి. ఇక్కడైతే ఉప్పుడబ్బా ఎక్కడుందో నా చేతికే తెలుసు, నన్నడగదు." గిలక మీద తాడు సరిచేసింది. "అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత నేను ఎవర్నని ఉండాలి ఇక్కడ? వెళ్ళేదేదో ఇప్పుడే వెళ్తే, వెళ్ళగొట్టించుకోవడమన్నా ఉండదు. నాకేమైనా ఉంచుతారేమో చూసి చెబుదామని ఆగాను."

చూసింది. నేను బకెట్టు ఒకటి అందుకున్నాను. మోసేవాడికి మాట్లాడాల్సిన పనుండదు.

అక్కను అడగవచ్చు కదా అంటారు. అడగాలనే ఉంది. కానీ అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నట్టు ఉంటారు. ఒకరి మోకాలు నొప్పెడితే ఇంకొకరు లేచి నూనె సీసా అందుకుంటారు. అలాంటి ఇద్దరి మధ్య అడిగేస్తే, లేని గీతని నేనే గీసినట్టవుతుందేమో అనిపించింది.

ఆదివారం అందరూ వచ్చారు. అక్క వాళ్ళకి టీ ఇచ్చి, చేతికర్ర తీసుకుని లేచింది. "గుడ్డలు కట్టాను, చూసుకోండి. నేను పక్కనుంటే మీకు మొహమాటం. నచ్చలేదంటే తమ్ముడితో చెప్పండి, వాడు నాతో చెప్పడు, అందరికీ సుఖం," అంటూ పక్కింటి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది.

పెద్దోడు గడియారం ముందు నిలబడ్డాడు. "మామయ్యా, ఇది నాకు బహుమతా, శిక్షా?"

"విప్పినవాడే బిగించాలని ఆర్డరు."

"అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు."

"ఇప్పుడు నీకు షెడ్డుంది."

కూతురు అద్దానికున్న ఊదాపూలు చూసి వదిన మీద పడింది. "వదినా, అద్దం నీదే. నువ్వొస్తే ముందు అద్దాన్ని పలకరించి తర్వాత తనని పలకరిస్తావని అమ్మ ఎప్పుడూ అనేది."

"అది నన్ను చూసి మొహం తిప్పుకోదు కాబట్టి," అంది పెద్దకోడలు జుట్టు సర్దుకుంటూ. "నీకు మేకలొచ్చాయిగా అమ్మడూ. నీ మాట వినేవాళ్ళు ఇంట్లో ఇంకో ఇద్దరు పెరిగారు."

"ఇప్పుడు వినేదెవరుట?"

"అదే, రెండుతో మొదలుపెట్టు అంటున్నా."

అలా నవ్వుకుంటూ గదులన్నీ తిరిగి పాకలోకి వచ్చారు. అక్కడ ఆవు నెమరువేస్తూ నిలబడి ఉంది. దాని పేరు నిదానం. మేతకు పోయేటప్పుడూ నిదానమే, వచ్చేటప్పుడూ నిదానమే. ఒకసారి పాక కప్పుకి నిప్పంటుకుంటే అందరం కేకలు పెడుతున్నా నెమరు ఆపకుండా నడిచి బయటికి వచ్చింది.

పెద్దోడు దాని మెడ చూశాడు, కొమ్ములు చూశాడు, తోక ఎత్తి కూడా చూశాడు. "దీనికేం కట్టలేదే."

"మేక తినేసిందేమో," అంది కూతురు.

"మేక తింటే ముందు తన మెడలోది తింటుంది." గడ్డం గోక్కున్నాడు. "అమ్మేయమని అర్థం. నోటితో చెప్పడానికి మనసు రాక వదిలేసింది. ఈ వయసులో అమ్మకి పాలూ పేడా ఎవరు చూస్తారు? వచ్చే ఆదివారం బేరగాణ్ణి తీసుకొస్తాను. అమ్మ దగ్గర ఇప్పుడే ఎత్తకండి, దిగులు పడుతుంది."

అతనిలో చెడ్డతనం లేదు. తల్లి కష్టం తగ్గించాలనే అన్నాడు. కానీ ఆ పాలూ పేడా చూసే మనిషి గడ్డిమోపుతో గుమ్మంలో నిలబడి ఉంది, మోపు దించడానికి మేమంతా దారికి అడ్డంగా ఉన్నాం.

"చెల్లీ, నీకేం వచ్చాయి?" అని అడిగింది పెద్దకోడలు పక్కకి జరుగుతూ.

"ఇంకా చూసుకోలేదక్కా," అంది చిన్నకోడలు. మోపు దించి, కట్టు విప్పి, గడ్డి సమంగా పరిచింది. నిదానం ఆమె భుజానికి మూతి ఆనించి తుడుచుకుంది.

మర్నాడు నాకు త్వరగా మెలకువ వచ్చింది. జడ్జి ఇంకా అక్క పెరట్లోనే ఉంది కాబట్టి అది దాని గొప్పతనం కాదు. వీధి దాటి పాకవైపు నుంచి వెళ్ళాను. చిన్నకోడలు పాలు పితికే పీట మీద కూర్చుని ఉంది, ఆవు వైపు కాదు, గోడవైపు తిరిగి. ఒళ్ళో ఖాళీ పాల బకెట్టు. దాని పిడికి ఆకుపచ్చ మీద తెల్లచుక్కల పీలిక కడుతోంది. వేళ్ళతో బిగించి, చాలదన్నట్టు పంటితో కూడా లాగింది.

నా చెప్పుల చప్పుడుకి తలెత్తింది. దాచుకోవడానికి ఏమీ లేనట్టు అలాగే పట్టుకుంది.

"ఇదొక్కటే మామయ్యా," అంది. "సొట్టలు పడింది, బజారులో ఎవరూ కొనరు కూడా. దీని పిడి నా చేతికి అలవాటు. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్తే అక్కడ నీళ్ళకైనా పనికొస్తుంది."

"ఆవుకి కట్టకపోయావా?"

"అది నేను కట్టుకునేది కాదుగా." ముడి సరిచూసుకుని, "అత్తయ్యతో అనకండి," అంది.

అననని మాటిచ్చాను. ఆ ఇల్లు మొత్తంలో ఒక్క సొట్ట బకెట్టు మాత్రమే కోరుకున్న మనిషితో వాదించడం నాకు చేతకాలేదు. అక్కకి మోకాళ్ళ నొప్పులతో పాకలోకి రావడం ఎప్పుడో తప్పింది. చిన్నకోడలు పాకలోనే పాలు వడకట్టి గిన్నెలో పోసి లోపలికి తెస్తుంది. బకెట్టు పాక గోడకే వేలాడుతుంది. కాబట్టి ఆ పీలిక వారమంతా అక్క కంట పడలేదు. నేను మాత్రం టీ తాగుతున్నప్పుడల్లా మూడో గ్లాసు వైపు చూసేవాణ్ణి. ఎదురింట్లో నుంచి వచ్చి తాగేవాడికి గ్లాసు ఉంది, ఇంట్లో ఉండి పోసే మనిషి మూట సర్దుకుంటోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఆకుపచ్చ బట్ట చిన్నకోడలిదే, కానీ ఆమెదొక్కదానిదే కాదు. బట్టల మూటలవాడు వీధిలోకి వస్తే అక్క ఒకే తానులో ఇద్దరికీ కోయిస్తుంది. గుడ్డ ఎంచేది చిన్నకోడలు, బేరమాడేది అక్క. ఇద్దరూ పెరట్లో వంగి పనిచేస్తుంటే వెనకనుంచి నేనే చాలాసార్లు ఒకరిని పిలవబోయి ఇంకొకరిని పిలిచాను.

ఆదివారం వచ్చింది. పెద్దోడు పశువుల బేరగాణ్ణి వెంటబెట్టుకుని నేరుగా పాకలోకి తీసుకెళ్ళాడు. వెనకే పెద్దకోడలు, మేకలకి తాళ్ళు కొలుచుకోవడానికి వచ్చిన కూతురు. బేరగాడు నిదానం చుట్టూ తిరిగి, నడుం మీద చెయ్యి వేసి, పళ్ళు చూడబోయాడు. అది ఆయన చేతినే నమిలి చూసింది.

కొత్త గొంతు విని వంటింట్లోనుంచి అక్క కేకేసింది. "ఎవర్రా పాకలో?"

నేను వంటింట్లోకి వెళ్ళాను. అక్క నా చెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ పాక గుమ్మం దాకా వచ్చింది. బేరగాణ్ణి చూసింది, అతని భుజమ్మీది పలుపుతాడు చూసింది.

"ఏంటిది?"

పెద్దోడు నెమ్మదిగా మొదలుపెట్టాడు. "నువ్వేం బాధపడకమ్మా. గుడ్డ కట్టలేదంటేనే నాకర్థమైంది. ఈయన మనకి తెలిసినవాడే, మంచి ఇంటికే పంపిస్తాడు."

"ఏం అర్థమైంది?"

ఆ ఇబ్బంది తప్పించడానికి కూతురు గోడ మీది బకెట్టు తీసి చూపించింది. "చూడు, ఆవుకి కట్టలేదు గానీ బకెట్టుకి మాత్రం అమ్మ తన గుడ్డే కట్టుకుంది. పోయేటప్పుడు వెంట పట్టుకుపోతుంది కాబోలు."

పెద్దోడు నవ్వాడు, బేరగాడూ నవ్వాడు. చిన్నకోడలు ఆవు అవతలివైపు నిలబడి, దాని చెవిలో లేని పిడుదు పురుగును వెతుకుతోంది.

"తే ఇటు," అంది అక్క.

బకెట్టు అందుకుని పీలిక కొస లాగింది. రాలేదు. ఇంకో కొస లాగింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "నా ముడి కాదిది. ఎవరో పళ్ళతో బిగించారు."



"నేనే అత్తయ్యా," అంది చిన్నకోడలు ఆవు వెనకనుంచి. "గుర్తుకి ఒకటి... తప్పైతే విప్పేస్తాను."

"గుర్తా? దేనికి గుర్తు?"

"వెళ్ళేటప్పుడు పట్టుకెళ్దామని."

"ఎక్కడికి వెళ్ళేటప్పుడు?"

ఆమె ఆవు రెండో చెవి వెతకడం మొదలుపెట్టింది. నేనిచ్చిన మాట బకెట్టు గురించే కాబట్టి, మిగతాది చెప్పాను. "వాళ్ళ అన్నయ్య వచ్చి ఉండమంటున్నాడక్కా. నెలాఖరుకి మాట చెప్పాలి. తనకి ఇక్కడ ఏమీ ఉంచలేదు కాబట్టి వెళ్ళాలనుకుంటోంది."

అక్క బోర్లించిన గంప మీద కూర్చుంది. 

"పెద్దోడా, నేను గుడ్డలు దేనికి కట్టానురా?"

"పంచడానికి."

"నీ మొహం. గడప దాటి పోయేవాటికి కట్టాను. బస్సు పైకెక్కించే సామానుకి పేరు రాస్తారు, ఎవడిది వాడు దింపుకోవాలి కాబట్టి. వంటింట్లో ఉండే కుండ మీద ఎవడైనా పేరు రాసుకుంటాడా? పొయ్యికి కట్టానా? బావి గిలకకి కట్టానా? ఈ పాక గుంజకి కట్టానా? ఉన్నచోటే ఉండేవాటికి గుర్తెందుకు? కట్టనివన్నీ దీనివి."

"మరి ఆ ముక్క చెప్పాలి కదమ్మా."

"నా చెయ్యి నాదని ఊళ్ళో చెప్పుకుని తిరుగుతానా? పొద్దున లేచి ఆవు పాలు పితికేది అది. ఆ ఆవు ఎవరిదని నీకు అనుమానం రావడమే నాకు అనుమానంగా ఉంది." ఊపిరి తీసుకుంది. "పోనీ కడదామంటే నాదీ దానిదీ ఒకటే తాను. దాని గుడ్డ ఒక్కదానికి కడితే మీరేమనుకున్నారు ఇప్పుడు? ముసల్ది బకెట్టు పట్టుకుని పోతుందనుకున్నారు. మొత్తం కట్టుంటే ఏమనేవాళ్ళు, ఇల్లు నెత్తిన పెట్టుకుని పోతుందనా?"

పెద్దకోడలు ముందుకొచ్చి అడిగింది. "అంటే ఇల్లు కూడానా అత్తయ్యా?"

గొంతులో పోట్లాట లేదు. కానీ అందరూ పెద్దోడి వైపు చూశారు. ఆ ఇంటి మీద పెద్దకొడుకు కాదంటే అక్క గుడ్డలు ఎన్ని కట్టినా ఆగదు. అది అక్కకీ తెలుసు. కర్ర మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. చిన్నకోడలు వెతకడం మానేసి ఆవు మెడమీద చెయ్యి ఉంచి నిలబడింది.

పెద్దోడు కాలితో కింద పడ్డ గడ్డిపోచలు ఒకచోటికి చేర్చాడు. చాలాసేపు చేర్చాడు.

"షెడ్డు వేసేరోజు నాన్న అన్నాడు," అన్నాడు చివరికి. "నీకిది, చెల్లెలికి బట్టీ, చిన్నోడికి ఇల్లూ పాడీ, అని. నేను పక్కనే ఉన్నాను. ఊఁ అన్నాను కూడా. చిన్నోడు పోయాడు గానీ నేనన్న ఊఁ పోలేదుగా." చిన్నకోడలి వైపు తిరిగాడు. "నువ్వేంటమ్మా, ఒక్క బకెట్టు అడుక్కుంటావు? అదీ ఎవర్నీ అడక్కుండా?"

"మీరు బేరగాణ్ణి తెస్తానన్నారు బావగారూ."

"తెచ్చాను. తప్పే." బేరగాడి వైపు చూశాడు.

"అంటే నేను వచ్చింది టీ తాగడానికా?" అన్నాడాయన.

"టీకే. కూర్చో అన్నా."

ఆయన భుజమ్మీది పలుపు తీసి పక్కన పెట్టాడు. "నాకూ బరువు తగ్గింది. దీన్ని నడిపించుకుని సంతకి చేరేసరికి సంత ఎత్తేసేవాళ్ళు."

అప్పుడు నవ్వింది మా అక్క. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, అది నా పని అయినట్టు కర్రతో నన్ను పొడిచింది. "ఇక రాయి తమ్ముడూ నీ కాగితం. గుడ్డ కట్టినవాటికి అక్కర్లేదు. కట్టనివాటికే కావాలని ఇవాళ తెలిసింది. అందరికీ అర్థమయ్యేట్టు రాయి, మొలకలు లెక్కపెట్టినట్టు రాయకు."

వంటింటి బల్లమీద రాశాను. ఇల్లు, పాక, ఆవు, బావి, వాటితో ఉండేవన్నీ చిన్నకోడలికి. బజారులో వకీలు దగ్గర పక్కాగా రాయించేదాకా ఇది ఉంటుందన్నాను. బేరగాడు సాక్షి సంతకం పెట్టాడు, ఊరికే టీ తాగి పోలేదని చెప్పుకోవడానికి. పెద్దోడు పెట్టాడు, కూతురు పెట్టింది. పెద్దకోడలు కలం చేతిలోకి తీసుకుంది. "నాదీ ఉండనివ్వండి మామయ్యగారూ. రేపు ఈయన మాట మారిస్తే గుర్తుచెయ్యడానికి ఇంట్లో ఒకరుండాలి." సంతకం పెట్టి, చిన్నకోడలితో, "అద్దం మాత్రం నేను పట్టుకుపోతాను చెల్లీ," అంది.

"తుడిచే ఉంచానక్కా."

బకెట్టు పిడి మీది ముడి ఎవరికీ రాలేదు. పెద్దకోడలు కత్తెర తెస్తానంటే అక్క ఒప్పుకోలేదు, మంచి గుడ్డ పాడవుతుందని. చిన్నకోడలు బకెట్టును కుడితి తొట్టి పక్కకి తీసుకెళ్ళి, నీళ్ళలో నానబెట్టి, గోటితో మెల్లగా విప్పింది. పీలిక పిండి తీగమీద ఆరేసింది. సాయంత్రానికి అది మూటలోకి వెళ్ళిపోయింది. ఈ చలికి ఏదో బొంతలో ఉంటుంది, అత్తదో కోడలిదో ఎవరూ చెప్పలేరు.

వెళ్ళేముందు అక్క నన్ను ఆపింది. "నేను పోయేదాకా ఆగడమెందుకు? జడ్జిని ఇవాళే పట్టుకెళ్ళు."

పట్టుకెళ్ళాను. దారిలోనే రెండు తీర్పులిచ్చింది.

మర్నాడు ఇంకా మసక మసకగా ఉండగానే అది నా కిటికీ కింద నిలబడి కూసింది. నా భార్య అలా అరిచేది కాదు, కాలి బొటనవేలు పట్టుకుని లాగేది. అయినా ఎవరో ఒకరు నన్ను లేవమంటున్నారనిపించి, కాసేపు మంచం మీదే కూర్చుని ఆ కూత విన్నాను. తర్వాత చెప్పులేసుకుని వీధి దాటాను.

చిన్నకోడలు పాకలో పీట వేసుకుంటోంది.

"ఇంత పొద్దున్నేనా మామయ్యా? పాలింకా పితకలేదు."

"జడ్జిగారి ఆర్డరు."

"రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను," అంది బకెట్టు మోకాళ్ళ మధ్య సర్దుకుంటూ. "రావడం కుదరదన్నాను. ఎందుకు కుదరదన్నాడు. ఇంట్లో పనుందన్నాను."

"ఏ ఇంట్లో అని అడిగాడా?"

"అడగలేదు."

లోపల అక్క గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. నిదానం తోక విదిల్చింది, చిన్నకోడలి చెంపకి తగిలింది. ఆమె ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"ఊరికే నిలబడ్డారు కదా మామయ్యా, దాని తోక పట్టుకోండి."

పట్టుకున్నాను.